భుజం మీదుగా

మళ్లీ చూసింది. ఎదురుగా చేతులు చాపి నిలబడ్డ పిల్లను ఎటునుంచి తప్పించుకోవాలా అని ఆలోచించాల్సిన సమయంలో, బంతిని నేలకు కొడుతూనే, పిడుగు కళ్లెత్తి నా వైపు చూసింది. నా వైపు అంటే నన్ను కాదు. నా ఎడమ భుజం మీదుగా, నా వెనక ఎక్కడికో. పిడుగు మా కాలేజీ బాస్కెట్‌బాల్ కెప్టెన్, జట్టు మొత్తానికీ పొట్టి పిల్ల, కోర్టులో ఒక చివర కనిపించిందనుకునేలోపు రెండో చివర ఉంటుంది కాబట్టి ఆ పేరు. మొదట్లో నా ముఖం మీద ఏమన్నా అంటుకుందేమో అనుకున్నాను, బుగ్గ తుడుచుకున్నాను కూడా. తర్వాత నిచ్చెన కూడా అక్కడికే చూసింది. నిచ్చెన అంటే మా పొడుగు పిల్ల, చెయ్యెత్తితే రింగు వలకు వేళ్లు తగులుతాయి. వీళ్లిద్దరూ నా వెనక ఏం చూస్తున్నారు? తిరిగి చూద్దామంటే నేను కోచ్‌ని, ఆట జరుగుతుండగా కోర్టుకు వీపు తిప్పకూడదు, ఆ సంగతి నాకు నేర్పింది మా పాత కోచ్ పెద్దసారు, అప్పుడు నాది ఈ పిల్లల వయసే. దురద పుడితే గోక్కోకుండా ఉండగలను గానీ ఎందుకు అన్న మాట నోటిదాకా వచ్చాక ఆపుకోవడం నా వల్ల కాదు. నేను ఆడే రోజుల్లో ప్రతిదానికీ ఎందుకు సార్, ఎందుకు సార్ అని ఆయన ప్రాణం తీసేదాన్ని. చదువైపోయాక నన్ను పిలిచి, నీ నోరు మూయించే దారి ఒకటే ఉంది, వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చో అన్నారు. అలా ఆయనకు సహాయకురాలినయ్యాను. ఈ సంవత్సరం మొదట్లో ఆయన లేచి వెళ్లిపోతే ఆయన చోటికి జరిగాను. జరగడం అంటే ఒక కుర్చీ పక్కకి జరగడమే, చూసేవాళ్లకు అంతకన్నా ఏమీ కనబడదు.

ఆయన లేచి వెళ్లిపోయారని అనడం మర్యాద కోసం. పంపించారు. కాలేజీకి కప్పు వచ్చి చాలాకాలమైందని, కొత్త రక్తం కావాలని కమిటీ అనుకుంది, ఆ కొత్త రక్తం నాలో ఉందని ఎవరో కనిపెట్టారు. నాకేమో ఆయన దగ్గర నేర్చుకున్నది తప్ప సొంతంగా ఒక్క చుక్క ఉందో లేదో తెలియదు. ఆయన మాత్రం ముఖం మాడ్చుకోలేదు. వారం రోజులు నన్ను వెంట తిప్పుకుని అన్నీ అప్పగించారు. తాళాల గుత్తి, గాలి కొట్టే పంపు, కోర్టులో వాన కురిస్తే నీళ్లు కారే మూల, ఏ పిల్ల బూట్లు ఇరుకైనా చెప్పదో, ఏ పిల్ల ఇంట్లో గొడవైతే ఎడమచేత్తో ఆడుతుందో. నా దగ్గర ఉన్నదంతా ఇచ్చేశానమ్మాయ్ అన్నారు చివరి రోజు, ఖాళీ చేతులు చూపించి. నేను నమ్మాను, ఆయనా నమ్మారు. ఇప్పుడు నా వెనక మూడో వరసలో, మోకాలు చాపుకోడానికి వీలుగా మెట్ల పక్క కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయన చుట్టూ పాత విద్యార్థినులు, ఆయన చేతికింద ఆడినవాళ్లు. మేం బుట్టలో వేసినప్పుడల్లా వాళ్లు చప్పట్లు కొట్టేది కోర్టు వైపు తిరిగి కాదు, ఆయన వైపు తిరిగి. ఆ చప్పుడు దిక్కును బట్టి నాకు తెలిసిపోతుంది. మొదటిసారి విన్నప్పుడు కడుపులో మండింది. ఇప్పుడూ మండుతోంది, కాకపోతే అలవాటైన మంట.

సొంత కోర్టులో ఆట ఉన్నప్పుడల్లా ఆయన వస్తారు. ఆయన భార్య ఫోన్ చేసి మరీ పంపిస్తుంది. తల్లీ, కాసేపు మీ దగ్గర ఉంచుకోండి, వంటింటి గుమ్మంలో నిలబడి నేను గిన్నె తీసుకుని ఎటు వెళ్తే అటు అడ్డం వస్తున్నాడు, అదేదో డిఫెన్స్ అట అంది మొన్న. నవ్వాను. ఊరి బయట ఆటలకు మాత్రం రారు, అంతసేపు బస్సులో మోకాలు మడుచుకుని కూర్చోవద్దని డాక్టరు చెప్పాడు. బయట... బయట అనగానే పొద్దున ప్రిన్సిపాల్ గది గుర్తొస్తోంది. టేబుల్ మీద గాజు పేపర్‌వెయిట్‌ను బొంగరంలా తిప్పుతూ, నా ముఖం చూడకుండా మాట్లాడాడు. చూడమ్మా, ఇక్కడ ఆడితే ఒక్కటీ ఓడలేదు, బయటికెళ్తే ఒక్కటీ గెలవలేదు, ఇదేం చోద్యం అన్నాడు. ప్రయాణపు బడలిక అన్నాను. కొత్త నేల అన్నాను. అంటున్నప్పుడే నాకు నమ్మకం లేదు, పిల్లలు బస్సులో హాయిగా నిద్రపోతారు, నేల ఎక్కడైనా నేలే. సాయంత్రం ఆట కాగానే కమిటీ కూర్చుంటుంది, గెలిస్తే నీ ఉద్యోగం ఖాయం చేస్తారు, ఓడితే బయటినుంచి పేరున్నవాళ్లను తెస్తామంటున్నారు, నా చేతుల్లో ఏం లేదు అన్నాడు. పాపం ఆయనకూ భయమే. పెద్దసారును పంపించి తప్పు చేశామా అన్న ప్రశ్న ఆ గదిలో పేపర్‌వెయిట్‌తో పాటే గిర్రున తిరుగుతోంది. బయటికొస్తూ నేను ఉద్యోగం గురించి కాదు, ఇక్కడ, బయట, ఇక్కడ, బయట అని ఆలోచిస్తున్నాను. ఇక్కడ ఉన్నదేమిటి, బయట లేనిదేమిటి?

అదిగో, గోడ కట్టేశారు. గోడ అంటే మా జట్టు మాట, ఐదుగురూ ఒక్కసారిగా వెనక్కి తగ్గి రింగు కింద చేతులు చాపి నిలబడిపోవడం, అవతలివాళ్లకు దగ్గరికి వచ్చే దారి ఉండదు. సరైన సమయానికే కట్టారు, అవతలి జట్టులో ఒక భారీ పిల్ల అప్పుడే లోపలికి జొరబడబోయింది, గోడకు తగిలి బంతి వదిలేసింది. మన పిల్లలు ముందుకు పరిగెత్తి వేసేశారు. చప్పట్లు, నా వెనక వైపు. బాగానే ఉంది గానీ, నేను గోడ అని అరవలేదే. అరుద్దామని ఊపిరి తీసుకునేలోపే అయిపోయింది. రెండో క్వార్టర్ అయ్యి, సగం ఆట ముగిసి పిల్లలు నీళ్లు తాగడానికి వచ్చినప్పుడు పిడుగును పక్కకు లాగాను.

"గోడ కట్టమని ఎవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు మేడం. అనిపించింది."

"ఐదుగురికీ ఒకేసారి అనిపించిందా?"

"అవును మేడం," అంది సీసా ఎత్తి నీళ్లు తాగుతూ, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. పిల్ల అబద్ధం చెప్పడం లేదు. అబద్ధమాడేటప్పుడు దాని చెవులు ఎర్రబడతాయని కూడా పెద్దసారే అప్పగించారు.

అనిపించింది. ఈ మాట నేనెక్కడో విన్నాను. ఎక్కడో ఏమిటి, నేనే అన్నాను. ఇదే నేల మీద, చెమటకు జడ వీపుకు అంటుకుపోయి, ఇదే బెంచీ ముందు నిలబడి, ఎవరో అడిగితే. ఎవరడిగారు? అవతలి కోచ్. ఆట అయ్యాక వచ్చి, మీకు ఎలా తెలుస్తుందమ్మా ఎప్పుడు వెనక్కి తగ్గాలో అంటే, ఏమోనండి, అనిపిస్తుంది అన్నాను. నిజంగానే అనిపించేది. అనిపించే ముందు ఏదో ఉండేది. ఏమిటది? చప్పుడు కాదు, పెద్దసారు గొంతు చించుకుని అరిచేవారు గానీ ఈ రేకుల కప్పు కింద అరుపులన్నీ కలిసి ముద్దైపోతాయి, ఒక్క అక్షరం తెలిసేది కాదు. వెలుగు. అవును, కంటి చివర ఒక చిన్న వెలుగు, ఎదురింట్లో ఎవరో కిటికీ తలుపు తీస్తే ఎండ తళుక్కుమని మన గోడ మీద పడి పోయినట్టు. అది పడగానే కాళ్లు వాటంతటవే వెనక్కి నడిచేవి. తర్వాత నేను బెంచీ మీద ఆయన పక్కన కూర్చున్నాక ఆ వెలుగు మళ్లీ కనబడలేదు. ఎందుకు కనబడుతుంది, ఆయన పక్కన కూర్చున్నన్నాళ్లూ నేను ఆట వైపే చూశాను, ఆయన వైపు ఎప్పుడు చూశాను గనక. పక్కనున్న మనిషిని చూడటానికి మనకు పని ఏముంటుంది.

అక్కకు కళ్లజోళ్ల దుకాణం ఉంది. సెలవుల్లో దాని కౌంటర్ వెనక ఎత్తు స్టూలు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూడటం నాకు సరదా. ఒకసారి అంది, వీళ్లు ఇన్నిసార్లు అద్దాలు తుడుచుకుంటారే, అది మురికికి కాదు, తోచకపోతే తుడుస్తారు, భార్య ధర అడిగితే తుడుస్తారు, తుడిచినట్టు వాళ్లకే తెలియదు అని. పెద్దసారు కూడా దాని దగ్గరే చేయించుకుంటారు. మీ సారు కళ్లజోడు తీస్తే ఎదురుగా ఏనుగొచ్చి నిలబడ్డా గోడ అనుకుని ఆనుకుంటాడు, అంత లావు అద్దాలు అంది. అప్పుడు నవ్వుకుని వదిలేశాను. ఇప్పుడు ఆ రెండు మాటలూ ఎందుకు గుర్తొస్తున్నాయి? కళ్లజోడు. లావు అద్దాలు. తళుక్కు. గుండె దడదడ మొదలైంది, ఇది భయం కాదు, తాళంలో తాళంచెవి తిరగబోతున్నప్పటి దడ. ఇక ఆగలేను. రెండో సగం మొదలైంది, మనమే ముందున్నాం, అవతలి భారీ పిల్ల బంతి అందుకుంది. నేను కోర్టుకు వీపు తిప్పాను.

హాలంతా నన్నే చూస్తోంది. కోచ్‌కు మతిపోయిందనుకుని పాత విద్యార్థినులు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. ముందు వరసలో ప్రిన్సిపాల్ కళ్లు చిట్లించాడు. పెద్దసారు మాత్రం నన్ను చూడలేదు, నన్ను దాటి ఆటను చూస్తున్నారు, నేను ఆయనకు అడ్డంగా నిలబడ్డ స్తంభాన్నన్నట్టు కాస్త పక్కకు వంగారు. నుదురు ముడిపడింది. చెయ్యి పైకి వెళ్లింది, కళ్లజోడు తీసింది, చొక్కా అంచు పట్టుకుని ముందు ఒక అద్దం, తర్వాత రెండోది తుడిచింది. పైనున్న లైట్ల వెలుగు అద్దం మీద పడి తళుక్కుమంది. అదే వెలుగు. నా వెనక అప్పటిదాకా వేటి దారిన అవి కిచకిచమంటున్న బూట్లు ఒక్కసారిగా దబదబా వెనక్కి వెళ్లి, రింగు ఉన్న వైపు ఆగిపోయాయి. ఆ చప్పుడు నాకు నా పేరంత బాగా తెలుసు. గోడ కట్టారు. ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు, బూట్లు ముందుకు పరిగెత్తాయి. ఇంకోసారి చూశాను, ఎందుకంటే ఒకసారి అయితే యాదృచ్ఛికం అనుకోవచ్చు. ఇంకోసారీ అంతే. నా కాళ్లు కూడా ఒక అడుగు వెనక్కి వేశాయని తర్వాత గమనించాను.

అయితే ఇదన్నమాట ఇక్కడ ఉన్నది, బయట లేనిది. ఆయన ఇవ్వలేదు, దాచుకోనూ లేదు, తన దగ్గర ఉందని తెలిస్తేగా ఇవ్వడానికి. తాళాల గుత్తి చేతిలో పెట్టారు, ఇది ముక్కు మీద ఉండిపోయింది. కమిటీ మార్చింది కుర్చీలో మనిషిని, పిల్లలు ఆడుతున్నది మూడో వరసలో మనిషి కోసం, మధ్యలో నేను జీతం తీసుకుంటున్నాను. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఏడుపొచ్చినంత పనయింది, ఇన్నాళ్లూ ఇక్కడ గెలిచిన వాటిలో ఒక్కటైనా నాదా అని. వెంటనే లోపలి గొంతు ఒకటి, నోరు మూసుకో, ముందున్నాం, ఆయన్ను తుడుచుకోనీ, సాయంత్రానికి ఉద్యోగం ఖాయమవుతుంది, మిగతా సంగతి తర్వాత చూసుకోవచ్చు అంది. అది తెలివైన గొంతే. వచ్చే వారం బయట ఆడాలి, ఆ తర్వాత కూడా బయటే, అక్కడ ఎవరు తుడుస్తారు అని దానికి జవాబు చెప్పొచ్చు. చెప్పాను కూడా. కానీ నిజం అది కాదు. నిజం ఏమిటంటే, ఆ కళ్లజోడు లేకపోతే ఏమవుతుంది అన్న ప్రశ్న పుట్టేసింది, అది పుట్టాక నన్ను నేను పట్టుకోలేను. ఇవాళ కాకపోతే ఎప్పటికీ తెలియదు. స్కోరు రాసేవాళ్ల బల్ల దగ్గరికి వెళ్లి టైమౌట్ అడిగాను, ఒక్క నిమిషం ఆట ఆగింది. పిల్లలు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేసరికి నేను అక్కడ లేను, మెట్లెక్కుతున్నాను.

"సార్, మీరు కళ్లజోడు తుడుస్తున్నారు."

"మసగ్గా ఉంటే తుడుచుకోనా ఏంటి. ఆట వదిలేసి ఇక్కడికొచ్చావేంటమ్మాయ్?"

"మీరు తుడిచినప్పుడల్లా వాళ్లు గోడ కడుతున్నారు సార్."

ఆయన నన్ను చూశారు, కింద నోళ్లు తెరుచుకుని నిలబడ్డ పిల్లలను చూశారు, అప్పటికే చేతిలోకి వచ్చేసిన కళ్లజోడును చూసుకున్నారు. చెయ్యి దాన్ని తీసినట్టు ఆయనకు ఇప్పుడే తెలిసింది.

"ఎప్పట్నుంచి?"

"నేను ఆడేటప్పటి నుంచీ అనుకుంటా."

"నాకెవరూ చెప్పలేదే."

"మాకూ తెలీదు సార్."

"మరి ఇన్నేళ్లూ నేను గొంతు చించుకున్నదంతా?" అన్నారు. ఆయన ముఖంలో ఏవేవో కదిలాయి, పాత ఆటలన్నీ ఒక్కొక్కటే వచ్చి మళ్లీ నిలబడుతున్నట్టు, ఏది తను గెలిపించింది, ఏది తన చొక్కా అంచు గెలిపించింది అని. తర్వాత పొట్ట కదిలేలా నవ్వారు. "నేను ఇంటికి వెళ్లిపోనా?"

"వద్దు సార్. మీరుండాలి."

జేబులోంచి పెట్టె తీసి, కళ్లజోడు మడిచి అందులో పెట్టి, నా చేతికిచ్చారు. "నీ దగ్గరుంచు. నా జేబులో ఉంటే చెయ్యి ఊరుకోదు." కళ్లజోడు లేని ఆయన ముఖం ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. ముక్కుకు రెండు వైపులా ఎర్రటి గుంటలు, నిద్రలేచిన పసివాడి ముఖంలా మెత్తగా ఉంది. నా వైపు చూస్తున్నాననుకుని నా పక్క స్తంభాన్ని చూస్తున్నారు. సరిగ్గా అప్పుడు బెల్లు మోగింది, పిల్లలకు ఒక్క మాట చెప్పే వ్యవధి కూడా మిగల్లేదు.

తర్వాత జరిగింది చూడటానికి బాగాలేదు. పిడుగు కళ్లెత్తింది, నా భుజం మీదుగా చూసింది, వెలుగు లేదు. మళ్లీ చూసింది. ఇల్లు మారిన సంగతి తెలియక పాత గుమ్మం ముందు ఆగిన మనిషిలా నిలబడిపోయింది, బంతి ఎవరో లాక్కుపోయారు. ముగ్గురు గోడ కట్టారు, ఇద్దరు కట్టలేదు, నిచ్చెన వెళ్లి మన పిల్లనే గుద్దుకుంది. నేను గోడ, గోడ అని అరిచాను, నా అరుపు రేకులకు తగిలి ముద్దైపోయింది. ముందున్న ఆధిక్యం కరిగిపోయింది, వెనకబడ్డాం, చివరి క్వార్టర్‌కు కిందామీదా పడి దగ్గరికొచ్చాం. ప్రిన్సిపాల్ వాచీ చూసుకుంటున్నాడు. ఏం చేశావే, చేతికొచ్చిన ఉద్యోగం ఒక కళ్లజోడు పెట్టెలో పెట్టి మూత వేశావు అనుకున్నాను. అయినా కళ్లు తిప్పుకోలేకపోయాను. ఎందుకంటే పిడుగు చూపు కిందికి జారుతోంది. మూడో వరసలో వెతికింది, రెండో వరసలో వెతికింది, నా భుజం దగ్గర తచ్చాడింది. చివరికి నా ముఖం మీద ఆగింది, మెట్ల మీద కొత్తగా అద్దెకొచ్చినవాళ్లు ఎదురైతే పలకరించాలా వద్దా అని ఆగినట్టు. నేను నవ్వానో లేదో తెలియదు. తర్వాత నిచ్చెన చూపు కూడా వచ్చి ఆగింది. ఇంతకాలం ఈ పిల్లల కళ్లు ఏ రంగో నాకు తెలియదని అప్పుడు తెలిసింది.

చివరి క్షణాలకు ఎలాగో ఒక్క పాయింటు ముందున్నాం. బంతి అవతలివాళ్ల చేతిలో ఉంది, ఇక ఒక్క ప్రయత్నానికే సమయముంది. ఎవరైనా ఇక్కడ గోడే కడతారు, పెద్దసారైతే ఈపాటికి రెండు అద్దాలూ తుడిచేసేవారు. నాకు మాత్రం గోడ వద్దనిపించింది. ముందుకే వెళ్లాలి, సగం దారిలోనే మీద పడాలి, ఆ భారీ పిల్ల రింగు దాకా రాకముందే ఊపిరాడకుండా చేయాలి. ఆయన దగ్గర నేర్చుకున్నది కాదిది, ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. చెబుదామంటే హాలు హోరెత్తిపోతోంది, నా గొంతు ఎప్పుడో పోయింది. నోరు తెరవలేదు. పిడుగు నన్ను చూసింది. ఐదుగురూ ముందుకు ఉరికారు, బంతి పట్టుకున్న పిల్ల బిత్తరపోయి ఎవరూ లేని చోటికి విసిరేసింది, బంతి గీత దాటి గోడకు తగిలి దొర్లుకుంటూ నీళ్ల సీసాల మధ్యకు వెళ్లింది. బెల్లు మోగింది.

పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ప్రిన్సిపాల్ దూరం నుంచే తలూపి, బొటనవేలు ఎత్తి చూపించి, కమిటీ వాళ్లతో మాట్లాడుతూ వెళ్లిపోయాడు, అంటే ఉద్యోగం ఖాయమైనట్టే. సంతోషం తర్వాత పడొచ్చు. గుంపులోంచి పిడుగు చెయ్యి దొరకబుచ్చుకున్నాను.

"ముందుకెళ్లమని ఎవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు మేడం," అంది రొప్పుతూ. "అనిపించింది."

"నేనేమన్నా చేశానా? చెయ్యి ఊపానా, తల తిప్పానా?"

"ఏమో మేడం. ఏం, ఏమైంది?" అని, జవాబు కోసం ఆగకుండా మళ్లీ గుంపులోకి దూరిపోయింది.

చేతులు చూసుకున్నాను. మామూలు చేతులు. ముఖం తడుముకున్నాను, జడ తడుముకున్నాను, నిలబడ్డ తీరు చూసుకున్నాను. ఏం చేశాను? ఏదో చేసే ఉంటాను, ఐదుగురూ ఒకేసారి చదివారు, నాకొక్కదానికే కనబడలేదు. రేపు దీన్ని ఎలా చెయ్యాలి, ఎప్పుడో ఒకరోజు నేనూ ఈ కుర్చీ ఖాళీ చేస్తే నా తర్వాత వచ్చేదానికి ఏమని అప్పగించాలి? వెనక్కి తిరిగాను. మూడో వరసలో పెద్దసారు ఒక్కరే కూర్చుని ఉన్నారు, బోసి ముఖంతో అవతలి జట్టు బెంచీ వైపు తిరిగి, అది మేమే అనుకుని గట్టిగా చప్పట్లు కొడుతున్నారు. నేనేం చేశానో కనిపెట్టి చెప్పగల మనిషి ఈ హాలులో ఆయన ఒక్కరే. ఆయన కళ్లజోడు నా జేబులో ఉంది.